జానెడు ఎత్తు అభివృద్ధి

వరహాలమ్మ మోపెడ్ మీద గుడ్ల ట్రేలు కట్టుకునే తీరు చూడ్డానికే పొద్దున్నే జనం అరుగుల మీదికి చేరేవారు. కింద పాత బొంత, దానిమీద ఎండుగడ్డి, ఆపైన ఒకదాని మీద ఒకటి ట్రేలు, వాటిమీద ఇంకో బొంత, అన్నిటినీ కలిపి సైకిల్ ట్యూబుతో బిగించి నాలుగు చుట్లు. కట్టడం అయ్యాక పసిబిడ్డని జోకొట్టినట్టు రెండుసార్లు తట్టి, కుచ్చిళ్లు ఎగదోపి బండెక్కేది. ఇంటి వెనకున్న చిన్న కోళ్లఫారం ఆవిడదే. టౌన్లో ఆడపిల్లల హాస్టలుకి రోజూ గుడ్లు వేసే కాంట్రాక్టు సంపాదించిందీ ఆవిడే. ఎవరి సిఫార్సూ లేకుండా వార్డెన్ మేడంతో స్వయంగా మాట్లాడి తెచ్చుకుంది. ఊరి రోడ్డుమీద తారు ఎప్పుడో లేచిపోయింది గానీ, ఏ గుంత ఎక్కడుందో ఆవిడకి కళ్లు మూసుకున్నా తెలుసు. హాస్టల్లో ట్రే విప్పితే పగిలిన గుడ్డు కనబడేది కాదు. అది ఆవిడ పరువు.

ఊళ్లో ఒక పని మొదలుపెట్టి సాధించిన మనిషి ఆవిడ ఒక్కతే కావడం మొగుడు సన్యాసిరావుని లోపల్లోపల తొలిచేసేది. అతను బోనంగిపాలెం గ్రామ నివాసుల సంక్షేమ సంఘానికి కార్యదర్శి. సంఘం పుట్టి మూడేళ్లయినా దానివల్ల ఊళ్లో ఒక దీపం వెలిగింది లేదు, ఒక దోమ చచ్చింది లేదు. మంచినీళ్ల ట్యాంకు కారుతోందని రాసిన అర్జీ మండలాఫీసులో ఉంది. మురుక్కాలవ పొంగుతోందని రాసిన అర్జీ డివిజనాఫీసులో ఉంది. వీధిదీపాల అర్జీ ఎక్కడుందో కనుక్కోమని రాసిన అర్జీ జిల్లా ఆఫీసులో ఉంది. అధ్యక్షుడు పరాంకుశం గారు ట్రెజరీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి ఇవేవీ ఆయన్ని బెంగపెట్టేవి కావు.

"మన విషయం ఉన్నతస్థాయి పరిశీలనలో ఉన్నదయ్యా సన్యాసిరావూ. పరిశీలనలో ఉన్నదాన్ని కదిపితే మొదటికొస్తుంది" అని ధైర్యం చెప్పేవారు.

సన్యాసిరావు తలూపి ఇంటికొచ్చి, అన్నం కంచం ముందు కూర్చుని నిట్టూర్చేవాడు. మంచివాడు. ఊరికి ఏదో ఒకటి చెయ్యాలని నిజంగానే ఆరాటపడేవాడు. అలాంటివాళ్లకి చెయ్యడానికి ఒక పని దొరికిందా, ఇంక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ పని చెరుకు ట్రాక్టరు రూపంలో వచ్చింది. పరాంకుశం గారు వీధిలో నిలబడి పళ్లు తోముకుంటుండగా ఆ ట్రాక్టరు ఆయన పంచెని రాసుకుంటూ పోయింది. పంచె చిరగలేదు గానీ హోదాకి దెబ్బ తగిలింది. సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమై, "సదరు వీధియందు వాహనముల వేగనిరోధకము ఒకటి" వెయ్యాలని తీర్మానించి రోడ్ల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ గారికి అర్జీ పెట్టింది. పెట్టి, అలవాటు ప్రకారం మర్చిపోయింది.

వారం తిరక్కుండా సిమెంటు బస్తాలూ కంకరా కూలీలూ దిగారు. దీపాలవేళకి పరాంకుశం గారి గుమ్మం ముందు, ఈ పక్కనుంచి ఆ పక్కకి, జానెడు ఎత్తున స్పీడ్ బ్రేకరు వెలిసింది. సంగతేమిటంటే, ట్యాంకుకి టెండరు కావాలి, కాలవకి టెండరు కావాలి. స్పీడ్ బ్రేకరు చిన్న పని కిందికి వస్తుంది కాబట్టి ఏఈ గారి సంతకం ఒక్కటి చాలు. ఈ రహస్యం ఊరికి అప్పటిదాకా తెలీదు.

ప్రారంభోత్సవానికి బ్యాండు పెట్టారు. పరాంకుశం గారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ దానిమీదే కొట్టారు. ఊరంతా చెప్పులు విప్పి ఒకసారి ఎక్కి దిగారు. ముసలమ్మొకావిడ దండం పెట్టుకుంది కూడా. సన్యాసిరావు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి, కోళ్లకి మేత వేస్తున్న పెళ్లాం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వరాలూ, అడిగినాం. ఇచ్చీసినారు!" అన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

మొగుడి మొహంలో ఆ కళ పెళ్లైన కొత్తలో చూసింది వరహాలమ్మ. మళ్లీ ఇప్పుడే. "ఒక్కటే గదా బావా. ఆ కాడ బండి దిగి నడిపించుకుంటాన్లే" అంది సంతోషంగా.

కానీ సంఘానికి రుచి తగిలింది. అడిగితే వచ్చేది ఒకటే అయినప్పుడు అడగాల్సింది కూడా అదేనని తర్వాతి సమావేశంలో తేలిపోయింది.

"నీళ్ల ట్యాంకరు మా వీదిలో ఆగకుండా ఎలిపోతందండీ" అని ఒకాయన మొరపెట్టుకున్నాడు.

"స్పీడ్ బ్రేకరు వేస్తే మెల్లగా పోవును. మెల్లగా పోవునప్పుడు పట్టుకొనవచ్చును" అన్నారు పరాంకుశం గారు.

"దీపాల్లేక సీకటండీ."

"చీకటిలో వేగము ప్రమాదకరము. స్పీడ్ బ్రేకరు."

"మరి దోమలో?" అంది వెనక కూర్చున్న వరహాలమ్మ, ఉండబట్టలేక. "దోమలకీ దానికీ ఏటండీ సమ్మందం?"

పరాంకుశం గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఉన్నది. మురుక్కాలవ వద్ద వాహనములు వేగముగా పోవుటచే గాలి లేచి, దోమలు చెదిరి గృహములలోనికి ప్రవేశించుచున్నవి. వేగము తగ్గినచో దోమలు కాలవయందే స్థిరనివాసము ఏర్పరచుకొనును."

సభ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది సన్యాసిరావు. పిల్లలకి లెక్కలు రాకపోవడానికీ, గేదెలు పాలు తగ్గించడానికీ, కోతులు ఇళ్లమీద పడడానికీ కూడా అదే సమావేశంలో మందు దొరికింది. కోతుల విషయంలో అధ్యక్షులవారి అభిప్రాయం ఏమిటంటే, దాటబోయే ముందు అవి ఒక్క క్షణం ఆలోచించుకుంటాయని.

సమస్యలు అయిపోయాక మర్యాదలు మొదలయ్యాయి. స్పీడ్ బ్రేకరు ఉన్న ఇంటి ముందు కలెక్టరైనా నెమ్మదించాల్సిందే. లేని ఇంటిముందు నుంచి కల్లు ముంతలు మోసే సైకిలు కూడా ఖాతరు లేకుండా పోతుంది. అలాంటి బతుకు ఎవరికి కావాలి? ఇంటింటికీ ఒకటి పడింది. పెళ్లిచూపుల్లో, "పిల్లాడికి ఇంటి ముందు సొంత స్పీడ్ బ్రేకరుందండి, వాటా పంపకాల్లేవు" అని చెప్పుకోవడం వచ్చింది. ప్రతిదాని పక్కనా పోయినవాళ్ల పేరు రాయించి తద్దినం రోజున దండ వేయడం వచ్చింది. ఒకాయన మొదటి భార్య పేరున వేయిస్తే రెండో భార్య దగ్గరుండి పసుపు రంగు పూసింది. ఇంకొకాయన పందెంలో నెగ్గి అసువులు బాసిన కోడిపుంజు పేరున వేయించుకున్నాడు. పక్కింటివాడి కంటే బెత్తెడు ఎత్తుగా వేయించుకోవాలన్న పోటీ కూడా బయల్దేరింది గానీ, పరాంకుశం గారు మొగ్గలోనే తుంచేశారు. "అభివృద్ధి అందరికీ సమానము. జానెడుకు మించరాదు" అని తీర్మానం చేయించి, కొలవడానికి తన చేతి జానే ప్రమాణంగా ప్రకటించారు.

పాలవ్యానువాడు ఊరి ఈ చివర పాలు పోయించుకుంటే ఆ చివరకి వెళ్లేసరికి పైన వెన్న తేలేది. దాన్ని సంఘం తన ఖాతాలో వేసుకుని "కుటీర పరిశ్రమ" అంది. నడుం పట్టేసిన ముసలాయనొకడు ఆటో ఎక్కి ఊరు దాటేసరికి నడుం విడిచిపెట్టి మెడ పట్టేసింది. దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలో తేలక వదిలేశారు.

ఇక వరహాలమ్మ సంగతి.

మొదట్లో ప్రతిదాని దగ్గరా బండి దిగి నడిపించుకునేది. తర్వాత దిగడం ఎక్కడం తప్ప నడపడం అనేది లేకుండా పోయింది. బొంతలు పెంచింది, గడ్డి పెంచింది, ట్యూబు సడలించి చూసింది, బిగించి చూసింది. ఏం చేసినా ఊరు దాటేసరికి ట్రేల సందుల్లోంచి సొన కారి వెనక చక్రం మీదికి జారేది. ఆవిడ వెనకాలే ఊరి కుక్కలు వరసగా, ఎంతో మర్యాదగా నడిచేవి.

వార్డెన్ మేడం మంచిదే. చాలా రోజులు ఓర్చుకుంది. చివరికి ఒకరోజు ట్రేల మీది బొంత తీసి, చూసి, మళ్లీ కప్పేసింది.

"వరహాలమ్మా, మా పిల్లలకి ఉడకబెట్టిన గుడ్డు పెట్టాలి. నువ్వేమో కొట్టిన గుడ్డు తెస్తున్నావు. టౌన్లో హోల్‌సేల్ ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఒకటో తారీకు దాకా చూస్తాను. ఆ రోజు గుడ్లు గుడ్లలాగా వస్తే నువ్వే వెయ్యి. లేకపోతే ఏమీ అనుకోకు" అంది.

వరహాలమ్మ తలూపి బండెక్కింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడుస్తూనే ఉంది. ఏడుపు కూడా సాఫీగా రాలేదు, గుమ్మం గుమ్మానికీ విరిగిపోయింది.

ఆ సాయంత్రమే స్పీడ్ బ్రేకర్లు తీయించమని సంఘానికి అర్జీ పెట్టింది. సన్యాసిరావు దాన్ని చేత్తో తీసుకుని, మర్నాడు భోజనాల దగ్గర జవాబు చదివి వినిపించాడు. కార్యదర్శి కదా, నిలబడి చదివాడు.

"అర్జీదారు శ్రీమతి వరహాలమ్మ గారికి తెలియజేయునది ఏమనగా, సంఘ నియమావళియందు అభివృద్ధిని వెనుకకు తీసుకొను నిబంధన లేదు. కావున తమ అర్జీ పరిశీలనలో ఉంచడమైనది." చదివి కూర్చుని, గొంతు తగ్గించి, "పులుసు కొంచెం ఎయ్యవే" అన్నాడు.

"ఎవురు రాసినారు బావా ఇది?"

"నానే."

"నా ఒంక సూడకుండానే రాసినావా?"

సన్యాసిరావు కంచంలోకి చూశాడు. వరహాలమ్మ పులుసు గిన్నె తీసి అవతల పెట్టింది. ఇద్దరూ ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకున్నారు.

సంఘంతో కాదని మండలంలో ఏఈ గారి దగ్గరికే వెళ్లింది. ఆయన ఫ్యాను కింద కూర్చుని, ఆవిడ చెప్పిందంతా విని, చాలా దయగా నవ్వారు.

"వెయ్యడానికి పద్దు ఉందమ్మా. తీయడానికి పద్దు లేదు. వేసినదాన్ని తీస్తే ఎందుకు తీశామో రాయాలి. అది రాస్తే ఎందుకు వేశామని అడుగుతారు. అలా అడగడం మొదలైతే నేనెక్కడుంటాను?"

"ఇక్కడే గదండీ ఉంటారు?"

"ఉండను" అన్నారు ఏఈ గారు.

"మరి మాలాటోల్లం ఏటడగాలండీ?"

"ఇంకోటి కావాలని అడగండి. పరిశీలించకుండానే మంజూరు చేస్తాను."

వరహాలమ్మ బండి తోలుకుంటూ ఊళ్లోకొచ్చింది. ఒళ్లు మండిపోతోంది. ఖాళీ ట్రేలు వెనకాల డబడబా కొట్టుకుంటున్నాయి. యర్రయ్య, సూరయ్య అన్నదమ్ముల ఇంటి దగ్గరికొచ్చేసరికి ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. ట్యూబు తెగి ట్రేలు పడిపోయాయేమోనని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఉన్నాయి. నోరు మూసుకుని, బుద్ధిగా ఉన్నాయి. మంచమంత దూరం అలా మెత్తగా పోయి, బండి మళ్లీ దభీమని కిందికి దిగింది. మళ్లీ డబడబా.

ఆవిడ బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసింది. ఆ అన్నదమ్ములు ఒకే ఇంటిని మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. ఎవరి గుమ్మం ముందు వాళ్లు చెరొకటి వేయించుకున్నారు. మధ్యగోడ ఎదురుగా ఉన్న జాగా నాదంటే నాదని కొట్టుకుని, అక్కడా ఒకటి పోయించారు. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎత్తుపల్లాలు కలిసిపోయి, పైన నున్నగా తయారయ్యాయి. మధ్యలో సందు లేదు. సందు లేకపోతే దిగడం లేదు. దిగకపోతే ఎక్కడం లేదు.

వరహాలమ్మ నడుంమీద చేతులు పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాటి నుంచి గుడ్లు ఇవ్వడానికి ఏ ఇంటికెళ్లినా కాస్సేపు గుమ్మంలో నిలబడి వీధిలోకి దిగులుగా చూడ్డం మొదలుపెట్టింది.

"ఏటి వరాలమ్మా, అలా సూత్తన్నావు?" అని అడిగేవారు.

"ఏటీలేదమ్మా. మీకూ పక్కోల్లకీ మద్దిని పల్లం ఉండిపోనాది. ఆల్లు ఎత్తుమీద కూకున్నట్టు, మీరు గొయ్యిలో ఉన్నట్టు కనబడతంది. నాకే మనసు ఒప్పట్లేదు." అని, గుడ్లు చేతిలో పెట్టి వెళ్లిపోయేది.

సాయంత్రానికి అర్జీ పడేది. పెద్దల పేర్లు అయిపోతే ఆవిడే గుర్తు చేసేది. "మీ మేనత్త లేదేటి, ఎంత మంచిమనిసి! ఆవిడికేటీ సెయ్యనేదు మీరు." మేనత్తలకి పడ్డాయి. పెదనాన్నలకి పడ్డాయి. కాశీ వెళ్లి తిరిగిరాని ఒక బావగారికి పడింది. ఆయన తరవాత తిరిగొచ్చి, తన పేరు మీద వేసిన దండ తనే తీసుకున్నాడు. యర్రయ్య, సూరయ్యలైతే ఒకరికి తెలీకుండా ఒకరు రెండు వైపులా పొడిగించుకుంటూ పోయారు. ఏఈ గారు అన్నమాట నిలబెట్టుకుని ఒక్కదాన్నీ పరిశీలించకుండా సంతకాలు చేశారు.

సంఘం గాల్లో తేలిపోయింది. "ప్రజాచైతన్యము వెల్లువెత్తుచున్నది" అని పరాంకుశం గారు ప్రతి సమావేశంలోనూ పొంగిపోయారు. వింత ఏమిటంటే పాలవ్యానులో వెన్న తేలడం తగ్గిపోయింది. ఆటోవాళ్లు తిట్టుకోవడం మానేసి పాటలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. కుటీర పరిశ్రమ ఎందుకు మూతపడిందో విచారించడానికి సంఘం ఒక ఉపసంఘాన్ని వేసింది. అది రెండుసార్లు టీ తాగి, స్పీడ్ బ్రేకర్లు చాలకపోవడమే కారణమని తేల్చింది. దాంతో ఇంకొన్ని పడ్డాయి.

నెలాఖరు వచ్చేసరికి ఊరు మొత్తానికి ఒకే ఒక్క పల్లం మిగిలింది. అది సన్యాసిరావు ఇంటి ముందు.

రెండు పక్కలా అంతా జానెడు లేచిపోవడంతో అది పల్లం కాదు, కందకం అయిపోయింది. వీధంతా హాయిగా వచ్చిన బండి అక్కడ కూలబడి, ముందు చక్రం మోకాలు విరిగినట్టు వంగేది. గుడ్లు కట్టుకుని అందులోంచి పైకెక్కించాలంటే, దిగి తోసినా సరే, ఒకప్పుడు ఊరంతా కలిసి పగలగొట్టినన్ని గుడ్లు ఇప్పుడు ఆ ఒక్కటే పగలగొడుతోంది. ఎల్లుండి ఒకటో తారీకు.

"బావా, మనింటి ముందర ఒకటి వేయించీ" అంది వరహాలమ్మ.

సన్యాసిరావు ఒంటికాలిమీద లేచాడు. "కార్యదర్శినయ్యుండి నా గుమ్మం ముందు నానే ఏయించుకుంటే లోకం ఏటంటాది? ఊరోల్లందరికీ అయిపోనాక కూడా నానడగలేదు. అదే నా పేరు."

వరహాలమ్మకి కోపం రావాలి. రాలేదు. ఆ పిచ్చిమనిషి మొహం చూస్తే జాలీ, ప్రేమా రెండూ కలిసి పొంగాయి. అతని ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

"సూడు బావా. నీకు నీ పేరెలాగో నాకు నా గుడ్లు అలాగ. ట్రే ఇప్పినప్పుడు ఒక్కటీ పగలకుండా ఉంటే ఆ మేడం నా మొకం సూసి నవ్వుద్ది. దానికోసవే ఇన్నేల్లు పొద్దున్నే లెగిసినాను. ఎల్లుండి అది పోతే, నానింక కోల్లకి మేతేసుకునే ఆడమనిసినే. నీకోసం వొద్దు. నాకోసం ఒక్కటడుగు."

సన్యాసిరావు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "నానడగలేను వరాలూ. నువ్వే అడుగు. నాను గదిలోంచి బయటికెల్లిపోతాను" అన్నాడు.

అలాగే జరిగింది. ఆ రాత్రే సమావేశంలో వరహాలమ్మ అర్జీ రాగానే కార్యదర్శి లేచి, అందరికీ నమస్కారం పెట్టి, వరండాలోకి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. లోపల పెద్ద చర్చ నడిచింది. కార్యదర్శి భార్యకి మంజూరు చేస్తే పక్షపాతం అవుతుందా, అవదా?

"కార్యదర్శి భార్య కార్యదర్శి కాదు" అని పరాంకుశం గారు తీర్పు చెప్పారు. "కావున ఆమె ప్రజ. అయితే, ఎవరి జ్ఞాపకార్థం?"

పోయినవాళ్లందరూ అప్పటికే అయిపోయారు. వరహాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"గుడ్లండి."

"ఎవరూ?"

"పగిలిపోయిన నా గుడ్లండి. ఈ రోడ్డుమీద పోనాయి గదండీ పాపం, ఎన్నో."

సభ మౌనం పాటించింది. మౌనం పాటిస్తున్నామని కొందరికి తెలీదు గానీ, పాటించారు. తీర్మానం నెగ్గింది. ఒక్కటే మిగిలిందని తెలిసి మర్నాడే మేస్త్రీ కూడా మనసు పెట్టి, రెండు పక్కలకీ సరిసమానంగా, చేత్తో నిమిరినట్టు పోసి వెళ్లాడు.

ఒకటో తారీకు పొద్దున్నే ప్రారంభోత్సవం. ఆఖరిది కాబట్టి ఏఈ గారే ముఖ్య అతిథి. బ్యాండు మోగుతోంది. వీధికి అడ్డంగా రిబ్బను కట్టారు. ఆ రోజు హాస్టల్లో పండగ భోజనమట, మామూలుకంటే ఎక్కువ గుడ్లు కావాలన్నారు. వరహాలమ్మ రిబ్బనుకి ఇవతల మోపెడ్ స్టార్టు చేసి ఉంచింది. పట్టినన్ని ట్రేలు కాళ్ల దగ్గర పెట్టుకుంది, మిగిలిన ఒక్క ట్రే సన్యాసిరావు వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రజకి సాయం చెయ్యడం కార్యదర్శి విధి అని ఒప్పించింది లెండి.

పరాంకుశం గారు కొబ్బరికాయ పైకెత్తి, కింద కొట్టబోయి, ఆగారు.

"ఏదయ్యా స్పీడ్ బ్రేకరు?"

అందరూ వంగి చూశారు. ఇటు చూశారు, అటు చూశారు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎక్కడా ఎత్తు లేదు, ఎక్కడా పల్లం లేదు. గోలీకాయ వదిలితే ఆగేలా లేదు. పక్కల రాయించిన పేర్లన్నీ సిమెంటు లోపలికి పోయాయి.

"మా అమ్మది ఏదండీ?" అని ఒకాయన బావురుమన్నాడు.

"నువ్వు మా నాన్నమీద నిలబడ్డావు, తప్పుకో" అన్నాడు ఇంకొకాయన. యర్రయ్య, సూరయ్య పంచెలు ఎగ్గట్టారు. ఇన్నాళ్ల అభివృద్ధి కళ్లముందే మాయమైపోయిందని సంఘ సభ్యులు తలలు పట్టుకున్నారు. బ్యాండువాళ్లు ఏం వాయించాలో తెలీక ఆపేశారు.

ఏఈ గారు టేపు తెప్పించి, వీధిలో మోకాళ్లమీద కూర్చుని కొలిచారు. లేచి, మోకాళ్లు దులుపుకుని, గొంతు సవరించుకున్నారు.

"రికార్డు ప్రకారం ఇచ్చట స్పీడ్ బ్రేకర్లు ఉన్నవి. అవి కనబడకపోవుట చూచువారి వ్యక్తిగత విషయము."

ఆ మాటతో పరాంకుశం గారికి ప్రాణం లేచొచ్చింది. "అంతే! వేర్వేరుగా ఉన్నవి ఒక్కటైనవి. ఇది ఊరంత వెడల్పు గల ఏకైక స్పీడ్ బ్రేకరు. దీని మీదనే మనమందరమూ నివసించుచున్నాము!" అని కొబ్బరికాయ ఫెడేల్మని కొట్టారు. జనం ఈలలు వేశారు. అమ్మ పోయిందనుకున్నాయన కళ్లు తుడుచుకుని, ఊరంతా అమ్మే కదా అన్నాడు. యర్రయ్య, సూరయ్య వాటేసుకున్నారు. ఒకే స్పీడ్ బ్రేకరులో వాటాలేమిటని వాళ్లకి సిగ్గేసింది.

"అయ్యా, రిబ్బను కత్తిరిత్తారా, నన్నే తెంపుకోమంటారా? పిల్లలకి బోజనాల టైమైపోతంది" అని కేకేసింది వరహాలమ్మ.

ఏఈ గారు కత్తిరించారు. మోపెడ్ కదిలింది. తన ఇంటి ముందు గుడ్ల జ్ఞాపకార్థం పోసిన చోటు దాటుతుంటే ఊపిరి బిగపట్టింది. ఏమీ కాలేదు. అన్నదమ్ముల ఇల్లు దాటింది. మురుక్కాలవ దాటింది. దోమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ ఇంకొంచెం ఎక్సలేటరు తిప్పింది. చెవుల్లో గాలి, కొంగు రెపరెపలు, కాళ్ల దగ్గర ట్రేలు నిద్రపోతున్నట్టు నిశ్శబ్దం. వరహాలమ్మకి గట్టిగా అరవాలనిపించింది. అరిచేసింది కూడా. వెనకాల సన్యాసిరావు గుడ్ల ట్రేని వాటేసుకుని, పసిపిల్లాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు.

"వరాలూ, రోడ్డంటే ఇలాగుంటాదేటి?"

"ఇలాగే ఉంటాది బావా!"

"ఎంత బాగుందే! నూనె రాసినట్టు జారిపోతంది." అన్నాడు. ఊరి పొలిమేర దగ్గరికొచ్చేసరికి గొంతులో మెల్లగా కార్యదర్శి మేల్కొన్నాడు. "అయితే వరాలూ, ఇంత నున్నగుంటే కుర్రోల్లు బుల్లెట్లు తోలీరూ? ట్రాక్టర్లు ఊరుకుంటాయా? మరేటీ వొద్దు గానీ, మద్దిలో ఒక్కటి... సిన్నది... ఒకే ఒక్కటి..."

వరహాలమ్మ బ్రేకు వేసింది.

"దిగు" అంది.

సన్యాసిరావు దిగాడు. ఆవిడ అతని చేతుల్లోని ట్రే అందుకుని, వెనక సీటుమీద పెట్టి, ట్యూబుతో నాలుగు చుట్లు చుట్టి, రెండుసార్లు తట్టింది.

"ఎందుకే, నానేటన్నానే?"

"ఏటీ అన్నేదు బావా. నువ్వు నడిసి రా. స్పీడు మంచిది కాదు" అని, బండి రయ్యిమని తోలుకుపోయింది.

ఆ రోజు హాస్టల్లో ఒక్క గుడ్డూ పగల్లేదు.